ఆరో తాళంచెవి

డండీలో డిసెంబరంటే
మధ్యాహ్నం మూడున్నరకే దీపాల వేళ.
టే నది వంతెన మీద రైలు దాటుతుంటే
మా వంటింట్లో గ్లాసులు సన్నగా వణుకుతాయి.
ఈ ఇంట్లో అయిదు గదులు, అయిదు మంచాలు,
అయిదుగురు పిల్లలు.
పిల్లలంటే ఊరుకోరు,
పదహారు దాటిందంటారు, గడ్డం తడిమి చూపిస్తారు.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
కట్టడం మేస్త్రీ పని.
కట్టినదాన్ని ఒక్కడి నోట
"ఇల్లు" అనిపించి చూడు.

మార్నీ వచ్చిన వారంలో పదకొండు ప్లేట్లు పగిలాయి.
పన్నెండోది చేతికిస్తూ
ఇది మా అమ్మమ్మది అన్నాను.
అబద్ధం.
చారిటీ షాపులో యాభై పెన్నీలకు కొన్నది.
ఇప్పటికీ అందులోనే తింటుంది.
కడగడానిక్కూడా ఇంకెవరికీ ఇవ్వదు.

ఫిల్మోన్ బూట్లతోనే పడుకునేవాడు.
ఎరిత్రియా నుంచి ఎన్ని సరిహద్దులు నడిచాడో
ఫైల్లో ఉంది, నేనడగలేదు.
మార్చిలో ఒక తెల్లవారి చూస్తే
గది గుమ్మం బయట ఆ బూట్లు,
ఒకదాని పక్కన ఒకటి, లేసులు లోపలికి దోపి.
లాగ్‌బుక్కులో ఏం రాయాలో తోచక
"బూట్లు" అని మాత్రం రాశాను.
ఆఫీసు నుంచి ఫోన్ చేశారు,
పోయాయా, కొత్తవి కొనాలా అని.

పరుపుల కింద బ్రెడ్డు దాస్తారు.
ఎవరిది ఏ మూలో నాకు తెలుసు.
బూజు పట్టింది తీసేసి
అక్కడే తాజాది పెడతాను.
దీన్ని గురించి మేం ఎవ్వరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఒక్కో మంచానికి రాత్రికెంతో
కౌన్సిల్‌కి పెన్నీతో సహా తెలుసు.
మా చెత్తడబ్బాలు ఎన్నిసార్లు పొంగాయో
ఎదురింటి పెట్రీ గారికి తేదీలతో సహా తెలుసు.
బాయిలర్ ఎప్పుడు మొరాయిస్తుందో
దానికీ తెలీదు.

స్ట్రూఅన్‌కి ఒక మంగళవారం పద్దెనిమిది నిండాయి.
సోమవారం దాకా వాడు మా వాడు.
బుధవారానికి వాడి మంచం మీద వేరే పేరు.
కేకు కోశాం. మూకుడు, కెటిల్, బొంత ఇచ్చాం.
చెత్తసంచుల్లో సామాను మోసుకుంటూ
చిన్నప్పటి నుంచీ తొమ్మిదిళ్ళు మారాడని
నేనే వెళ్ళి చక్రాల సూట్‌కేసు కొన్నాను.
వాడు బట్టలన్నీ నల్లసంచుల్లోనే కుక్కాడు.
అలవాటన్నాడు.
ఖాళీ సూట్‌కేసు
తడి రోడ్డు మీద గడగడా లాక్కుంటూ పోయాడు.

హాల్లో కొక్కేలు ఆరు.
వెళ్ళేవాళ్ళు తాళంచెవి తగిలించి వెళ్ళాలి.
అందిందని సంతకం పెట్టాను.
అందలేదు.
అలాంటప్పుడు తాళం మార్చడం నియమం.
తాళాలాయనకు తీరిక లేదట, అని రాశాను.
మూడు వారాలుగా
ఆయనకు తీరిక లేదనే రాస్తున్నాను.

తప్పే.
అయిదుగురి నిద్ర నా పూచీ మీద ఉంది.
ఏదైనా జరిగితే, ఇష్‌బెల్ రెన్నీ,
నీ మంచితనం కోర్టులో చెల్లదు,
అని నాకు నేనే చెప్పుకుంటాను.
చెప్పుకుని పడుకుంటాను.

నిన్న రాత్రి గాలివాన.
రెండున్నరకు వెనక తలుపు గొళ్ళెం
లోపలివాళ్ళు ఎత్తినట్టే మెల్లగా లేచింది.
కిర్రుమనే మూడో పలకను
ఆ అడుగులు దాటేసి నడిచాయి.
కొత్తవాళ్ళకు ఆ పలక సంగతి తెలీదు.
నా తలుపు కింద వంటింటి వెలుతురు ఒక గీత.
కెటిల్ గుసగుస.
ఫోన్ చేతిలోనే ఉంది, నంబరూ తెలుసు.
తడిసిన మనిషి టీ తాగడానికి పట్టేంతసేపు
పైకప్పు చూస్తూ పడుకున్నాను.
గీత ఆరింది.
తాళం రెండుసార్లు తిప్పిన చప్పుడు,
పడిందో లేదో అని మళ్ళీ ఒకసారి లాగి చూసిన చప్పుడు.

పొద్దున సింకు పక్కన బోర్లించిన కప్పు.
మార్నీ ప్లేటు ఎక్కడిదక్కడే.
ఫ్రిజ్‌లో, ఈ ఇంట్లో ఏనాడూ మిగలని పాలు,
సీలు తీయని రెండు లీటర్ల డబ్బా.

"రాత్రి ఎవరొచ్చారు?" అన్నాడు కొత్త పిల్లాడు,
స్ట్రూఅన్ మంచం మీద పడుకునేవాడు.
పాలవాడన్నాను.
నమ్మలేదు. పాలు మాత్రం పోసుకున్నాడు.

లాగ్‌బుక్కు తెరిచాను.
ఒంటిగంట నుంచి ఆరు వరకు:
విశేషం లేదు.
కలం మూయబోయి, కింద ఇంకొక్క ముక్క,
పాలు అందాయి.